ముందు రాశారా, చూశాక రాశారా?

మా ఆఫీసులో అన్నిటికంటే విలువైన కాగితం పేరు పట్టిక 14.2.1. పేరు వింటే ఎవరికీ ఏమీ అనిపించదు. ఒక కొత్త మందును మనుషుల మీద పరీక్షించాక పెద్ద రిపోర్టు ఒకటి తయారవుతుంది. అందులో 14.1 అంటే పరీక్షలో ఎవరెవరు చేరారు, వాళ్ల వయసెంత, బరువెంత అనే వివరాలు. 14.3 అంటే ఎవరికి వాంతులయ్యాయి, ఎవరికి దద్దుర్లొచ్చాయి, ఎవరు చనిపోయారు. మధ్యలో ఉండే 14.2లో మందు పని చేసిందా లేదా అన్న సంగతి ఉంటుంది. సాధారణంగా అందులో మొదటి పట్టికే అసలు ప్రశ్నకు జవాబు.

ఆ పట్టికలు వేయడం నా ఉద్యోగం. బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద, బెళ్లందూరు దగ్గర ఒక అద్దాల బిల్డింగులో కూర్చుని సాస్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ప్రోగ్రాములు రాస్తాను. మా టీంలో సగం మంది తెలుగువాళ్లే. బీఫార్మసీ చదివి, అమీర్‌పేటలో సాస్ కోర్సు చేసి, బెంగళూరు బస్సెక్కినవాళ్లం.

నేనేం చేస్తానో తెలిసినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "మీరు అంకెలు మార్చేస్తారా?" మార్చం. మార్చడం కష్టం కూడా. ముఖ్యమైన పట్టికను ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకరి కోడ్ ఒకరు చూడకుండా విడివిడిగా వేస్తారు. రెండూ దశాంశాలతో సహా కలిస్తేనే అది బయటికి వెళ్తుంది. అసలు డేటా మీదే నమ్మకం లేని కేసులూ లోకంలో ఉన్నాయి, కాదనను. 2020 మే నెలలో లాన్సెట్ పత్రికలో కోవిడ్‌కి హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడకం మీద ఒక వ్యాసం వచ్చింది. ఆరు ఖండాలు, 671 ఆసుపత్రులు, 96 వేల మంది రోగులు అన్నారు. డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ అనే కంపెనీ దాన్ని బయటివాళ్ల తనిఖీకి ఇవ్వనంది. రెండు వారాలు తిరక్కముందే వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు.

అలాంటివి ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోతాయి. నాకు చిరాకు తెప్పించేది వేరే రకం. అందులో రోగులు నిజం, రక్తపరీక్షలు నిజం, లెక్క కూడా కరెక్టే. కాకపోతే జవాబు చూశాక ప్రశ్న మార్చి ఉంటారు.

ఇది ఎంత సులువో మా పనిలో ఎప్పుడూ కళ్లముందే కనిపిస్తుంది. పరీక్ష పూర్తయ్యేదాకా ఎవరికి మందు ఇచ్చారో, ఎవరికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చారో మాకు తెలియకూడదు. ఎవరికి ఏది అని చెప్పే కోడ్లకు తాళం వేసి ఉంటుంది. కానీ ప్రోగ్రాములు ముందే సిద్ధం చేసుకోవాలి కదా, అందుకని డమ్మీ కోడ్లు పెట్టుకుంటాం. ఈ నంబరు రోగికి ఏ, ఆ నంబరు రోగికి బి అని కంప్యూటరు లాటరీ వేసి పంచేస్తుంది. ఆ పంపకానికీ, నిజంగా వాళ్లు మింగిన మాత్రకూ ఏ సంబంధమూ లేదు. అయినా ఆ డమ్మీ కోడ్లతో పట్టికలన్నీ నడిపితే ఎక్కడో ఒకచోట పి-వాల్యూ (తేడా కేవలం అదృష్టమా అని చూసే అంకె) 0.03 అని పడుతుంది. అరవై దాటిన ఆడవాళ్లలో, పన్నెండో వారంలో, 'ఏ' అనే గ్రూపే బాగుంది అని చూపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు పరిగెత్తుకొచ్చి "అక్కా, మందు పని చేస్తోంది!" అంటారు. మందెక్కడిదిరా నాయనా, అది లాటరీ.

పి-వాల్యూ 0.05 కంటే తక్కువ వస్తే "తేడా ఉంది" అనడం ఈ రంగంలో ఆనవాయితీ. మందులో సత్తా ఏమీ లేకపోయినా, ఒక్కసారి పోల్చి చూస్తే నూటికి ఐదుసార్లు కేవలం అదృష్టం కొద్దీ అలాంటి తేడా కనిపిస్తుంది. ఒక్క ప్రశ్నే అడిగితే ఐదు శాతంతో పోతుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఇరవై ప్రశ్నలు అడిగితే, కనీసం ఒకదానికి ఉత్తిపుణ్యానికే "తేడా ఉంది" అని జవాబు వచ్చే అవకాశం 64 శాతం. మనుషుల్ని వయసు, ఆడా మగా, బరువు, ఊరు, జబ్బు తీవ్రత అని విడగొట్టుకుంటూ పోతే ఇరవై ప్రశ్నలు పొద్దున కాఫీలోపే అయిపోతాయి.

దీన్ని అందరికన్నా బాగా ఎగతాళి చేసినవాళ్లు ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు. ఐసిస్-2 అని ఒక పెద్ద పరీక్ష జరిగింది. గుండెపోటు అనుమానంతో ఆసుపత్రికి వచ్చిన 17,187 మందిని తీసుకుని ఆస్పిరిన్, రక్తపు గడ్డను కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ప్రాణాలు కాపాడతాయా అని చూశారు. కాపాడాయి, అందులో అనుమానం లేదు. 1988లో లాన్సెట్‌లో ఫలితాలు వేసినప్పుడు, రోగుల్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి ఎవరికి పని చేసింది, ఎవరికి చేయలేదు అని చూడ్డం ఎంత ప్రమాదమో చెప్పడానికి వాళ్లొక చిలిపి పని చేశారు. రోగుల్ని రాశుల వారీగా విడగొట్టారు. మిథున, తులా రాశులవాళ్లకు ఆస్పిరిన్ కొంచెం కీడే చేసినట్టు తేలింది. మిగతా రాశులన్నిటికీ బ్రహ్మాండంగా పని చేసింది. (మన జన్మరాశి కాదు, ఇంగ్లీషు పుట్టినరోజు లెక్క. మా ఆఫీసులో ఈ కథ చెప్తే ముందు అందరూ అడిగేది ఇదే.) ఈ ఫలితాన్ని చూసి తులారాశివాళ్లకు ఆస్పిరిన్ ఆపేసిన డాక్టరు ఉండడు. అదే రాశి బదులు "యాభై దాటినవాళ్లు" అనో, "దక్షిణ భారతీయులు" అనో ఉంటే పేపర్లో వార్తయ్యేది.

అయ్యింది కూడా. 2015లో జాన్ బొహానన్ అనే జర్నలిస్టు కొందరితో కలిసి జర్మనీలో కావాలనే ఒక నాసిరకం పరీక్ష చేశాడు. పదిహేను మంది మనుషులు, ఒక్కొక్కరి మీద 18 కొలతలు. బరువు, కొలెస్ట్రాల్, నిద్ర, ఇంకా ఏవేవో. ఏదో ఒకటి తగులుతుందని తెలుసు, ఏది తగులుతుందో తెలియదు, అంతే. డార్క్ చాక్లెట్ తింటే బరువు త్వరగా తగ్గుతారని తగిలింది. డబ్బు కడితే వేసే పత్రిక ఒకటి వ్యాసం వేసింది, దేశదేశాల పేపర్లు దాన్ని ఎత్తుకున్నాయి. తర్వాత ఆయనే బయటపెట్టాడు.

దీనికి మందు పాతదే. మొదటి రోగి చేరకముందే కాగితం మీద రాసిపెట్టాలి: మేం కొలవబోయేది ఫలానాది, ఫలానా వారంలో, ఫలానా పద్ధతిలో, మిగతావన్నీ దాని తర్వాతే. మేం దాన్ని ప్రోటోకాల్ అంటాం. లెక్కలు ఎలా వేస్తామో రాసే ఇంకో పత్రం ఉంటుంది, అది కోడ్ల తాళం తీయకముందే సంతకాలయిపోవాలి. పట్టిక 14.2.1కి అంత విలువ అందుకే. జవాబు తెలియని రోజుల్లో అడిగిన ప్రశ్నకు అది జవాబు.

ఇక మా మామ.

అమ్మకు అన్న, హిందూపురంలో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. మనవరాలి కోసం మామా అత్తా బెంగళూరు వచ్చి హెచ్ఎస్ఆర్ లేఅవుట్లో మాకు రెండు వీధుల అవతల కూతురింట్లో ఉంటున్నారు. చాలాకాలంగా షుగరుంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడు. ఒక ఆదివారం పొడి డబ్బా ఒకటి పట్టుకొచ్చి నా ముందు పెట్టాడు. కాకర, నేరేడు గింజ, పొడపత్రి, మెంతులు. అగర చెరువు గట్టు మీద ఆయనతోపాటు నడిచే ఒకాయన ఇప్పించాడట. డబ్బా మీద "శాస్త్రీయంగా నిరూపితం" అని బంగారు అక్షరాలు, లోపల మడతపెట్టిన కరపత్రంలో ముందు ఎత్తుగా, తర్వాత పొట్టిగా రెండు నిలువు గీతలు.

"ఎంతమంది మీద చూశారు మామా?" అన్నాను.

రాయలేదు.

"ఎవరితో పోల్చారు? పొడి తినకుండా ఊరికే ఉన్నవాళ్లకు ఎంత తగ్గింది?"

మామకు కోపమొచ్చింది. "నువ్వు ఇంగ్లీషు మందుల కంపెనీల సొమ్ము తింటాండావు కద పాపా, నువ్వు ఇట్లే చెప్తావు."

అత్త లోపలినుంచి "ఏం మాటలండీ అవి" అంది గానీ, నాకు బాధ కలగలేదు. ఆయన అడిగింది సరైన ప్రశ్న. చెప్పేవాడి జీతం ఎక్కడినుంచి వస్తోంది అని మొదట చూడాల్సిందే. నా జీతం మందుల కంపెనీల డబ్బులోంచే వస్తుంది. అందుకని ఆ రోజు పొడి సంగతి పక్కనపెట్టి, మా వాళ్ల పాపాలే ముందు చెప్పాను. మామ సోషల్ మాస్టారు కదా, ఏళ్లూ పేర్లూ ఉంటే వింటాడు.

వయాక్స్ నుంచి మొదలుపెట్టాను. కీళ్లనొప్పుల మాత్ర, మెర్క్ కంపెనీది. 2000లో వచ్చిన వ్యాసంలో, పోల్చిన పాత మాత్ర కంటే దీనివల్ల కడుపులో పుండ్లూ రక్తస్రావమూ తక్కువని చూపించారు. గుండెపోట్లు మాత్రం దీన్ని వాడినవాళ్లలోనే ఎక్కువ. దానికి వాళ్లు చెప్పుకున్నదేమిటంటే, మా మాత్ర గుండెకు చెడు చేయలేదు, ఆ పాత మాత్రే గుండెను కాపాడింది అని. పైగా ఆ వ్యాసంలో కడుపు సమస్యల్ని ఒక తేదీ దాకా లెక్కపెట్టి, గుండె సమస్యల్ని అంతకు నెల ముందే ఆపేశారు. ఆ మధ్యలో జరిగిన మూడు గుండెపోట్లు లెక్కలోకి రాలేదు. ఈ సంగతి వ్యాసం వేసిన పత్రికే 2005 డిసెంబరులో బయటపెట్టింది. అప్పటికే, 2004 సెప్టెంబరులో, కంపెనీ ఆ మాత్రను లోకమంతటా వెనక్కి తీసుకుంది. అదే ఏడాది చివర్లో మన దేశంలోనూ నిషేధించారు.

తర్వాత పారాక్సెటీన్. డిప్రెషన్ మాత్ర. కౌమారంలో ఉన్న పిల్లలకు ఇవ్వొచ్చా అని చేసిన పరీక్షకు స్టడీ 329 అని పేరు. ముందు రాసుకున్న రెండు ప్రధాన కొలతల్లో గానీ, ఆరు అదనపు కొలతల్లో గానీ మాత్రకూ ఉత్తి మాత్రకూ తేడా తేలలేదు. 2001లో వచ్చిన వ్యాసం మాత్రం ఆ మందు బాగా పని చేస్తుంది, పిల్లలు బాగా తట్టుకున్నారు అంది. ఎలాగంటే, తర్వాత చేర్చుకున్న వేరే కొలతలతో. 2015లో వేరే పరిశోధకులు అవే రికార్డుల్ని మళ్లీ లెక్కగట్టి, మందు పని చేయలేదు, పైగా హాని పెరిగింది అని బీఎంజే పత్రికలో రాశారు. 2012లో ఆ మాత్ర తయారుచేసిన గ్లాక్సో కంపెనీ అమెరికా ప్రభుత్వానికి 300 కోట్ల డాలర్లు కట్టి కేసులు తేల్చుకుంది. అందులో వేరే మందుల కేసులూ ఉన్నాయి, ఇదీ ఉంది.

మామ కరపత్రం మడతపెట్టి కూర్చున్నాడు. "అంటే పిల్లోడు తనకొచ్చిన జవాబులు రాసేసి, తర్వాత ప్రశ్నపత్రం తయారుచేసుకున్నట్టు."

నలభై నిమిషాలు నేను చెప్పింది ఆయన ఒక్క వాక్యంలో చెప్పేశాడు. టీచరు టీచరే.

నేను అసలు చెప్పదలుచుకుంది ఆ తర్వాతిది. ఈ పాపాలన్నీ మనకెలా తెలిశాయి? 2008లో ఎరిక్ టర్నర్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు ఒక పని చేశారు. పన్నెండు రకాల డిప్రెషన్ మందుల మీద కంపెనీలు అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దగ్గర నమోదు చేసిన 74 పరీక్షల్ని తీసుకుని, వాటిలో ఏవేవి పత్రికల్లో వచ్చాయో వెతికారు. ఎఫ్‌డీఏ లెక్కలో 38 పరీక్షల్లో మందు పని చేసింది. వాటిలో 37 అచ్చయ్యాయి. మిగతా 36లో పని చేయలేదు, లేదా సందేహంగా ఉంది. వాటిలో 22 అసలు అచ్చే కాలేదు. 11 అచ్చయ్యాయి గానీ మందు పని చేసినట్టు అనిపించేలా రాశారు. ఉన్నదున్నట్టు రాసినవి మూడే. పత్రికలు మాత్రమే చదివే డాక్టరుకు నూటికి 94 పరీక్షలు నెగ్గినట్టు కనిపిస్తాయి. నిజానికి నెగ్గింది 51 శాతం.

టర్నర్ ఆ లెక్క తీయగలిగాడంటే, పరీక్ష మొదలవకముందు రాసిన కాగితం ఒక ప్రభుత్వ ఆఫీసులో పడి ఉంది కాబట్టే. వయాక్స్, స్టడీ 329 కూడా అంతే. ముందు రాసింది ఒకచోట, తర్వాత చెప్పింది ఇంకోచోట ఉంటే ఎవరో ఒకరు రెండూ పక్కపక్కన పెడతారు. మామ డబ్బా విషయంలో పక్కన పెట్టడానికి రెండో కాగితమే లేదు. దాని అమ్మకందారులు మోసగాళ్లని నేననను, నాకు తెలియదు. తెలుసుకునే దారే లేదు, నాకు నచ్చనిది అదే. "కంపెనీల పరిశోధనలన్నీ కొనుక్కున్నవే" అనేవాళ్లు ఆ అనుమానాన్ని కంపెనీ దగ్గరే వదిలేసి, ఏ పరిశోధనా లేని డబ్బాను ఏ అనుమానమూ లేకుండా కొనుక్కుంటారు. ఆ డబ్బా అమ్మేవాడికీ ఇంటి అద్దె కట్టుకోవాలి కదా.

షుగరు నయమవుతుందని ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో చట్టవిరుద్ధం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టంలో డయాబెటిస్ పేరు పెట్టి మరీ రాశారు. మా వీధిలో ఆటోల వెనక చూస్తే ఆ చట్టం ఎవరికీ చెప్పినట్టు లేదు.

"అయినా నాకు తగ్గింది కద పాపా" అన్నాడు మామ. తగ్గిన మాట నిజం. ఇక్కడ అత్త పనికొచ్చింది. మా అత్త గోడ క్యాలెండర్ మీద అన్నీ రాస్తుంది. పాలు, గ్యాస్ సిలిండర్, పనిమనిషి రాని రోజులు, మామ షుగరు. క్యాలెండర్ తీసి చూస్తే, మామ చెరువు గట్టు నడక ఉగాది మర్నాడు మొదలైంది. పొడి అక్షయ తృతీయకు వచ్చింది. షుగరు ఆ మధ్యలోనే దిగడం మొదలుపెట్టింది. పొడి వచ్చేటప్పటికే సగం దారి దిగిపోయి ఉంది.

ఒక్క మనిషి క్యాలెండర్ పరిశోధన కాదు. మిగతా సగం పొడి వల్లే దిగిందేమో, చెప్పలేం. కాకపోతే ఇందులో ఎవరైనా గమనించగల సంగతి ఒకటుంది. కొత్త మందు మనం ఎప్పుడు మొదలుపెడతాం? రిపోర్టులో అంకె బాగా పెరిగి గుండె గుభేలుమన్నప్పుడు. అలాంటి అంకె తర్వాత వచ్చే అంకె మామూలుగా తక్కువే ఉంటుంది, మందు వేసుకున్నా వేసుకోకపోయినా. పైగా ఆ భయంతో స్వీట్లు మానేస్తాం, నడక మొదలుపెడతాం, మర్చిపోయే మాత్ర గుర్తుపెట్టుకుని వేసుకుంటాం. మెచ్చుకోలు మాత్రం కొత్తగా వచ్చిన డబ్బాకు పోతుంది. పోలికకు ఇంకో గుంపు కావాలని మేం పట్టుబట్టేది అందుకే.

పోలిక లేకుండా లెక్కపెట్టడం ఎంత భయం పుట్టిస్తుందో 2025 జూన్, జులైలో బెంగళూరంతా చూసింది. హాసన్ జిల్లాలో గుండెపోటుతో వరసగా చావులు అని వార్తలొచ్చాయి. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో రోజూ ఒక కొత్త అంకె, కింద కోవిడ్ టీకా వల్లే అని ఒక వాయిస్ మెసేజ్. జయదేవ గుండె ఆసుపత్రి ముందు చెకప్ కోసం జనం బారులు తీరారు. అంతకు ముందు ఏడాది అవే రోజుల్లో ఆ జిల్లాలో ఎంతమంది పోయారు అని మా గ్రూపులో ఒక్కరూ అడగలేదు. జయదేవ డైరెక్టర్ నాయకత్వంలో ప్రభుత్వం వేసిన కమిటీ చూసి, టీకాతో సంబంధం లేదంది. ఆ వార్త గ్రూపులో ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు.

శాతాలతో భయపెట్టడం ఇంకో రకం. 1995 అక్టోబరులో బ్రిటన్‌లో, కొత్తరకం గర్భనిరోధక మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం రెట్టింపు అవుతుందని హెచ్చరించారు. రెట్టింపు అన్నది నిజమే. ఏడు వేల మందిలో ఒకరికి వచ్చేది ఇద్దరికి వస్తుంది. జనం రెట్టింపు అన్న మాటే విన్నారు, మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లాండు, వేల్స్‌లో అదనంగా 13 వేల అబార్షన్లు జరిగాయని అంచనా. గర్భంతో ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే ప్రమాదం ఆ మాత్ర వల్ల వచ్చేదానికంటే ఎక్కువ. "50 శాతం పెరుగుతుంది", "40 శాతం తగ్గుతుంది" అని ఎక్కడ కనిపించినా నేను ముందు వెతికేది అది ఎంతమందిలో ఎంతమందికి అని. వార్తల్లో అది దాదాపుగా ఉండదు.

తిండి గురించిన పరిశోధనల జోలికి నేను పోను. 2013లో ఇద్దరు పరిశోధకులు ఒక వంటల పుస్తకంలోంచి 50 దినుసులు తీసుకుని చూస్తే, వాటిలో 40 దినుసులకు కాన్సర్‌తో సంబంధం ఉందా అని చూసిన వ్యాసాలు దొరికాయి. కొన్ని పెంచుతుందన్నాయి, కొన్ని తగ్గిస్తుందన్నాయి, ఒకే దినుసుకు రెండూ అన్నవీ ఉన్నాయి. నేను మాత్రం ఉల్లిపాయ తింటున్నాను.

ముందే రాయించుకోవడం వల్ల ఏమవుతుందో చూపించిన లెక్క ఒకటుంది, నాకు చాలా ఇష్టమైంది. గుండె జబ్బుల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ డబ్బు పెట్టిన పెద్ద పరీక్షల్ని 55 దాకా తీసుకుని, రాబర్ట్ కాప్లాన్, వెరోనికా ఇర్విన్ 2015లో ఒక వ్యాసం రాశారు. 2000కు ముందు అచ్చయిన 30 పరీక్షల్లో 17 నెగ్గాయి, అంటే 57 శాతం. ఆ తర్వాత అచ్చయిన 25లో నెగ్గినవి రెండే, 8 శాతం. 2000 దరిదాపుల్లో జరిగిన పెద్ద మార్పు, పరీక్ష మొదలవకముందే ప్రధాన కొలతను అందరికీ కనిపించే రిజిస్ట్రీలో రాసిపెట్టాలనడం. మందులు హఠాత్తుగా పాడైపోయి ఉండవు. ఓడిపోయినప్పుడు వేరే కొలతలోకి దూరే దారి మూసుకుపోయిందని ఆ వ్యాసం రాసినవాళ్ల ఊహ. నా ఊహ కూడా అదే. ఇంకా వేరే కారణాలూ ఉండొచ్చు, చికిత్సలు మెరుగైపోయి కొత్త మందు తేడా చూపడం కష్టమై ఉండొచ్చు. అయినా 57 నుంచి 8 అంటే చిన్న పతనం కాదు.

మన దేశానికీ ఆ రిజిస్ట్రీ ఉంది. సీటీఆర్ఐ అంటారు. 2007 జులైలో మొదలైంది, 2009 జూన్ నుంచి మందుల పరీక్షలకు నమోదు తప్పనిసరి. ఎవరైనా తెరిచి చూడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు. వెబ్‌సైటు ముఖం మాత్రం పాత రైల్వే రిజర్వేషన్ పేజీని గుర్తుచేస్తుంది, ఓపిక పట్టాలి. ఒక్కో పరీక్షకు ఒక నంబరుంటుంది. రోగులు చేరకముందే నమోదు చేశారా, మొదలయ్యాక చేశారా అన్నది పైనే రాసి ఉంటుంది. నేను ముందు చూసేది అది. తర్వాత ప్రధాన కొలత ఏమిటి, ఎన్నో వారంలో అన్న గడి. తర్వాత డబ్బు ఎవరిది అన్న గడి. ఆయుర్వేద మందుల పరీక్షలూ అక్కడ చాలానే నమోదై ఉన్నాయి, బాగా రాసినవీ ఉన్నాయి. పొడి అయితే పరీక్షించలేమని ఎవరూ అనలేదు.

రిజిస్ట్రీ ఉన్నంత మాత్రాన అన్నీ బాగుపడిపోలేదు. నేను పని చేసిన ఒక పరీక్ష సంగతి చెప్తాను. కంపెనీ పేరు, మందు పేరు, జబ్బు పేరు చెప్పను, సంతకాలు పెట్టి ఉన్నాను. పట్టిక 14.2.1లో పి-వాల్యూ 0.05 దరిదాపుల్లో కూడా లేదు. మందు ఓడిపోయింది, తప్పేం లేదు, చాలా మందులు ఓడిపోతాయి. కొన్నాళ్లకు వ్యాసం అచ్చయింది. సారాంశం చదివితే, రోగుల జీవితంలో చెప్పుకోదగ్గ మెరుగుదల కనిపించిందని మొదటి మాటే. అది ఎక్కడో వెనక పట్టికల్లో ఉన్న ఒక ప్రశ్నావళి ఫలితం. నేను వేసిన పట్టిక లోపలి పేజీలో ఒక వాక్యానికి కుదించుకుపోయింది, "సంఖ్యాపరంగా మొగ్గు కనిపించినా" అనే ముక్కతో మొదలై. అబద్ధం ఒక్కటీ లేదు. మీటింగులో అడిగాను. "వ్యాసంలో ఉంది కదా, దాచలేదు కదా" అన్నారు. దాచలేదు, నిజమే.

ఇది మా ఒక్క వ్యాసం జాడ్యం కాదని తెలిసి ఊరట కలగాలో కోపం రావాలో తెలియలేదు. 2010లో ఇసబెల్ బుత్రోన్ అనే ఫ్రెంచి పరిశోధకురాలు, ఆమె బృందం, ప్రధాన కొలతలో తేడా తేలని 72 పరీక్షల వ్యాసాలు తీసుకుని చూశారు. వాటిలో 58 శాతం వ్యాసాల సారాంశంలో ముగింపు మాటలు మందు వైపు మొగ్గేలా రాసి ఉన్నాయి. చాలామంది డాక్టర్లకు తీరిక దొరికేది సారాంశం చదవడానికే. వార్త రాసేవాళ్లకూ అంతే. అందుకే నేను ఏ వ్యాసమైనా సారాంశం వదిలేసి, ముందు రిజిస్ట్రీ పేజీ తెరిచి, అక్కడి ప్రధాన కొలత చదివి, తర్వాత ఆ కొలత వ్యాసంలో ఎక్కడుందో వెతుకుతాను. మొదటి పట్టికలో ఉంటే కుర్చీలో వెనక్కి వాలతాను. వెతుక్కోవాల్సి వస్తే మిగతాదంతా అనుమానంగానే చదువుతాను.

ఇవన్నీ విన్నాక మామ అడగాల్సిందే అడిగాడు. "ఇన్ని చెప్పినావు గదా, మరి నేను పొద్దునా సాయంత్రం మింగే మెట్‌ఫార్మిన్ సంగతేంది? అది మాత్రం నిఖార్సా?"

బ్రిటన్‌లో 1977లో మొదలుపెట్టి ఇరవై ఏళ్లు నడిపిన యూకేపీడీఎస్ అనే పెద్ద పరీక్ష గురించి చెప్పాను. 1998లో దాని ఫలితాలు వచ్చాయి. బరువెక్కువున్న షుగరు రోగుల్లో 342 మందికి మెట్‌ఫార్మిన్ ఇచ్చి, 411 మందిని ముఖ్యంగా తిండి జాగ్రత్తల మీద ఉంచితే, షుగరు వల్ల వచ్చే చావులు మెట్‌ఫార్మిన్ వాళ్లలో 42 శాతం తక్కువ. షుగరు అంకె తగ్గిందా అని ఊరుకోకుండా, మనిషి బతికాడా లేదా అని చూసిన పరీక్ష అది. గుంపు చిన్నదే, అది నిజం. అదే వ్యాసంలో ఇంకోటి ఉంది. అప్పటికే వేరే షుగరు మాత్ర వాడుతున్నవాళ్లలో 537 మందిని తీసుకుని, సగం మందికి మెట్‌ఫార్మిన్ కూడా కలిపితే, కలిపినవాళ్లలోనే షుగరు వల్ల వచ్చే చావులు ఎక్కువగా కనిపించాయి. వాళ్లకు ఇది రుచించే ఫలితం కాదు. అది అదృష్టం ఆడిన ఆట కావచ్చని, అన్నీ కలిపి చూస్తే హాని కనిపించలేదని వివరించుకున్నారు. కానీ ఆ అంకెను లోపలి పేజీకి తోసేయలేదు. సారాంశంలోనే పెట్టారు.

"వాళ్ల మాత్ర మింద చెడ్డమాట వాళ్లే రాసుకున్యారా?"

"వాళ్లే రాశారు మామా."

కాసేపు ఆలోచించి, "అయితే మింగొచ్చులే" అన్నాడు. పొడి గురించి నేను ఇంకేమీ అనలేదు, డబ్బా మాత్రం డాక్టరుకు చూపించమన్నాను. అందులో ఏమేం కలిపారో ఆయనకూ తెలియాలి కదా. చూపించాడో లేదో గానీ, కొత్త డబ్బా కొనలేదని అత్త చెప్పింది. పాతది పారేయడానికి మనసొప్పక వంటింటి అటక మీద పెట్టాడట, అంత డబ్బు పోసి కొన్నాను కదా అని.